మా పొలం కింద నల్లరాయి

మా పొలంలో నుయ్యి తవ్వినప్పుడు నాకు ఏడేళ్లుంటాయి. మా ఊరు గరివిడికీ చీపురుపల్లికీ మధ్యన. రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించే ఎర్రనేలే మాది. పదిహేను అడుగుల లోతుకి వెళ్లేసరికి గునపం ఠంగుమంది. నూతిలోంచి గంపలో పైకి వచ్చింది నల్లటి రాయి. పిడికెడు ముక్క పట్టుకున్నా చెయ్యి కిందికి లాగేసేంత బరువు. గట్టు మీద కూర్చున్న నానమ్మ, "లంకెబిందెలు గానీ తగిలితే ఎవలితోనూ అనకండి" అని పనివాళ్లని బతిమాలుకుంది. బిందెలు తగల్లేదు, ఇంకో పది అడుగులు దిగాక నీళ్లు పడ్డాయి. ఆ రాళ్లలో ఒకటి మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత మీద బరువుగా ఇప్పటికీ ఉంది. అది మాంగనీసు అని నాకు హైస్కూలుకి వెళ్లాకే తెలిసింది.

ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి ఒకాయన మోటారు సైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. చేతిలో ఫైలు, అందులో టైపు చేసిన మూడు పేజీల కాగితం. మా ఎకరం డెబ్భై రెండు సెంట్లలో గని తవ్వుకోవడానికి అభ్యంతరం లేదని నాన్న సంతకం పెట్టాలట. మాట మర్యాదగానే ఉంది. నాన్నకి డెబ్భై ఎనిమిదేళ్లు. కాగితం చదవకుండానే, "లోపల రాయికి టన్నుకింత అని కట్టండి, సంతకం పెడతాను" అన్నాడు.

"లోపలిది గవర్నమెంటుది పెద్దాయనా. మీకిచ్చేది పైన పంటకి."

"బూమి నాది కాదేటి? మా అయ్య దున్నిన బూమి. నుయ్యి మేం తవ్వుకున్నాం. అందులో నీళ్లు మావైనప్పుడు రాయి మాది కాదేటి?"

ఆయన వాదన పెట్టుకోలేదు. "ఆలోచించుకోండి" అని కాగితం మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను విజయనగరంలో ఉంటాను, హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ఆదివారం ఊళ్లోనే ఉన్నాను. రాత్రి అన్నాలయ్యాక నాన్న అడిగాడు: "నువ్వు సోషలు టీచరువి కదమ్మా. మన బూమి కింద ఉన్నది ఎవలది?"

భూమి లోపల ఉన్నదంతా ప్రభుత్వానిదే అని నేనూ అనుకునేదాన్ని. పిల్లలకీ అలాగే చెప్పాను. కానీ నాన్న అలా అడిగేసరికి, ఏ చట్టంలో రాసి ఉందో చూపించమంటే చూపించలేనని అర్థమైంది. ఆరు నెలలుగా తీరిక దొరికినప్పుడల్లా దీని వెనకే తిరిగాను. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి కాగితాలు మంచాల మీద చాలా ఉన్నాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదట దొరికింది 2013 జులై 8 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కేరళలో మలబారు ప్రాంతపు భూస్వాములు తమ సొంత నేలలో రాయి తవ్వుకుంటుంటే ప్రభుత్వం తవ్విన రాయికి ఇంత అని రాయల్టీ కట్టమంది. రాయి మాది, మీకెందుకు కట్టాలి అని వాళ్లు కోర్టుకెళ్లారు. ముగ్గురు జడ్జీల ధర్మాసనం తరఫున తీర్పు రాసింది జస్టిస్ జాస్తి చలమేశ్వర్, మన కృష్ణా జిల్లా ఆయన. దాని సారం ఇది. భూమి ఎవరిదో మామూలుగా అడుగున ఉన్నదీ వారిదే. ఈ దేశంలో నేల లోపలి సంపదంతా సర్కారుదేనని చెప్పే చట్టం ఒక్కటీ లేదు. సర్కారు తీసుకోకూడదని కాదు, తీసుకోవాలంటే దానికంటూ ఒక చట్టప్రకారమైన పద్ధతి ఉండాలి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం తవ్వకాన్ని అదుపు చేస్తుందే తప్ప, ఖనిజాన్ని సర్కారుకి రాసివ్వదు. ఖనిజం ప్రైవేటు వ్యక్తిదైన భూమిలో లీజు ఎలా తీసుకోవాలో అప్పటికి అమల్లో ఉన్న 1960 నాటి నియమాల్లో విడిగా ఒక అధ్యాయమే ఉండేది. అంటే అలాంటి సొంతదారులు ఉంటారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. సొంతమైనంత మాత్రాన ఎవరికి వారు తవ్వేసుకోవడం కుదరదు, అనుమతి తీసుకోవాల్సిందే. కానీ హక్కు వేరు, అనుమతి వేరు.

నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. మర్నాడు పొద్దున్నే రావిచెట్టు కిందికెళ్లి పదిమందికీ చెప్పాడు. వారం తర్వాత ఊరెళితే ముఖం వెలిగిపోతోంది. నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చినప్పుడు చూశాను ఆ వెలుగు, మళ్లీ ఇప్పుడు.

మా వీధిలో ఒక మావయ్య ఉన్నారు. రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తీర్పంతా ఓపిగ్గా విని, "బాగుందమ్మా. ముందిది చెప్పు. మన ఊరు ఎస్టేటు గ్రామమా, రైత్వారీ గ్రామమా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పారు: రైత్వారీ గ్రామమైతే, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన ఊరైతే, మూల రికార్డు ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), పాతవాళ్లు డైగ్లాటు అంటారు. ఎస్టేటు గ్రామమైతే, అంటే జమీందారీ కింద ఉన్న ఊరైతే ఎస్‌ఎఫ్‌ఏ, అంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. "నీ సర్వే నంబరు ఏ పుస్తకంలో ఉందో చూడు. నీ రాయి సంగతి అక్కడ తేలుతుంది."

ఆన్‌లైన్‌లో వచ్చే వన్‌బీ, అడంగల్ అనే భూమి కాగితాలు దీనికి పనికిరావు. అవి ఈనాటివి. మాకు కావాల్సింది డెబ్భై ఏళ్ల నాటి కాగితం. వేసవి సెలవులు దానికే పోయాయి. ఒక ఆఫీసులో రికార్డు చెదలు పట్టిపోయిందన్నారు. రెండోసారి వెళ్తే సారు క్యాంపులో ఉన్నారన్నారు. మూడోసారి అదే బీరువాలో, అదే గుడ్డమూటలో దొరికింది. చెదలేమీ పట్టలేదు. ఇంత చదువుకున్న నన్నే మూడుసార్లు తిప్పితే నాన్నలాంటి వాళ్ల గతేంటని ఆ రోజు బస్సులో చాలా బాధపడ్డాను. నకలు చేతికొచ్చాక చూస్తే మా తాత పేరు, భూమి జిరాయితీ, మెట్ట. పుస్తకం ఎస్‌ఎఫ్‌ఏ. మాది ఎస్టేటు గ్రామం.

శాశ్వత శిస్తు విధానం నేను ఏటా ఎనిమిదో తరగతికి చెబుతాను. జమీందారు కంపెనీకి ఇంత పేష్కషు కట్టాలి, ఆ మొత్తం ఎప్పటికీ మారదు అని. ఉత్తర సర్కారుల్లో 1802లో అది వచ్చినప్పుడు మా ఊరి నేల కింద ఉన్నది కూడా ఒకరి చేతికి వెళ్లిందని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మద్రాసు రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో ఒకదాన్ని ఆ 2013 తీర్పులో ఉదహరించారు. శాశ్వత శిస్తు సనదు (హక్కు పత్రం) మీద ఉన్న ఎస్టేటుల్లో ఖనిజాల మీద సర్కారుకి ఏ హక్కూ లేదని అందులో ఉంది. రైత్వారీ భూముల్లో అయితే రైతు తవ్విన ఖనిజంలో కొంత వాటా మాత్రమే సర్కారుది. అంటే మద్రాసు రాష్ట్రంలో ఒక ఊళ్లో నేల కింద రాయి జమీందారుది, మరో ఊళ్లో సర్కారుకి అందులో వాటా, మలబారులో అది భూస్వామి సొంతం. ఒకటే రాయి, ఊరిని బట్టి యజమాని మారిపోయాడు.

అప్పటికి ఇక్కడ రాయి ఉందని ఎవరికీ తెలియదు. తెలిసింది 1890ల మొదట్లో. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే. మా వైపు కోడూరు పేరు మీదే అక్కడ దొరికే ఒక రకం శిలకి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడూరైట్ అని పేరు పెట్టాడు. ఉక్కు కరిగించేటప్పుడు గంధకం, ఆక్సిజన్ తొలగించడానికీ, ఉక్కుకి గట్టిదనం ఇవ్వడానికీ మాంగనీసు కావాలి. అందుకే ఎక్కడో ఇంగ్లండులో ఉక్కు కొలిమి మండితే ఇక్కడ గునపం దిగింది. గరివిడిలో ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ వచ్చింది కూడా ఈ రాయిని చూసే. మా ఊరి నుంచి చాలామంది గనుల్లో కూలికి వెళ్లారు, మా పెదతాత కూడా. సాయంత్రం ఇంటికొస్తే ఒళ్లంతా బొగ్గు రాసుకున్నట్టు ఉండేవాడని నానమ్మ చెప్పేది.

తర్వాత 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. మా తాత ఆ చట్టం పేరు చెబితే చేతులెత్తి దండం పెట్టేవాడట. ఆయన పేరు మీద పట్టా వచ్చింది దానివల్లే. ఆ చట్టం మా కుటుంబాన్ని నిలబెట్టింది, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ దాని మూడో సెక్షను నేను ఇప్పుడే మొదటిసారి చదివాను. ఎస్టేటు మొత్తం ప్రభుత్వానికి దఖలు పడుతుందని చెబుతూ, ఎస్టేటంటే ఏమేమిటో వరసగా ఎంచుతుంది: ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, పచ్చిక బయళ్లు, లంక భూములు, అడవులు, గనులు, ఖనిజాలు, క్వారీలు, నదులు, వాగులు, చెరువులు, చేపలు పట్టే చోట్లు, పడవ రేవులు. గనులు, ఖనిజాలు అన్న రెండు మాటల దగ్గర వేలు పెట్టి నాన్నకి చూపించాను. పైన సాగు హక్కు తాతకి పట్టాగా వచ్చింది. కింద రాయి జమీందారు ఖాతాలోంచి సర్కారు ఖాతాలోకి వెళ్లింది. మధ్యలో ఒక్కరోజు కూడా అది మాది కాలేదు. మలబారు వాళ్లు గెలిచిన తీర్పు మాకు అందకపోవడానికి కారణం ఇదే. సర్కారు తీసుకోవాలంటే చట్టం కావాలి అని కోర్టు అంది. మా దగ్గర ఆ చట్టం 1948లోనే వచ్చేసింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆయన సెప్పిందే నిజమా?" అన్నాడు చివరికి.

సగం నిజం. అసలు రాయాలనుకున్నది ఈ మిగతా సగం గురించే.

లోపల ఖనిజం సర్కారుదైనా, లీజు ఎవరికి వచ్చినా, పట్టా భూమిలో కాలు పెట్టాలంటే పట్టాదారు సమ్మతి కావాలి. 1960 నాటి నియమాల్లో ఇది స్పష్టంగా ఉండేది, 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. లీజు కాగితం ముందే రాసుకున్నా, నేలలోకి దిగే లోపు యజమాని సమ్మతి చూపించాలని ఆ పాత నియమాల్లో రాశారు. గనుల చట్టంలో 24ఏ సెక్షను ప్రకారం తవ్వకం వల్ల పైన ఉన్నవాళ్లకి కలిగే నష్టానికి లీజుదారు పరిహారం కట్టాలి. కాబట్టి మా మంచం మీది కాగితంలో నాన్న సంతకం ఏదో మర్యాద కోసం అడిగింది కాదు. అది లేకపోతే పని ముందుకు సాగదు. ఆ కాగితం తెచ్చినాయన తర్వాత మళ్లీ వచ్చి, మొత్తం మూడుసార్లు ఎందుకు తిరిగాడో నాకు అప్పుడర్థమైంది.

మరి పరిహారం ఎంత? ఇక్కడే నాకు కోపం వస్తుంది. సాగుభూమి అయితే అంతకుముందు మూడేళ్లలో అలాంటి నేల మీద వచ్చే నికర ఆదాయం సగటు తీసి, ఏటా అంత ఇవ్వాలని నియమం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా నాన్నకి జమాఖర్చు రాసే అలవాటుంది. గోగు, గంటెలు, గట్ల మీద కంది, అంతే మా మెట్టకి. మూడేళ్ల లెక్క తీశాం. ఒక ఏడు 11,400 మిగిలింది. ఇంకో ఏడు 6,200. మొన్నటేడు గోగు నానబెట్టడానికి చెరువులో నీళ్లు లేక 1,100 నష్టం. సగటు ఏడాదికి 5,500 రూపాయలు. నాన్న బీపీ, సుగర్ మందులకి మూడు నెలలు వస్తాయి. వాన లేక, గిట్టుబాటు లేక మెట్ట రైతు నష్టపోయిన లెక్కే మళ్లీ ఆయన పరిహారానికి కొలమానం అయింది. కింద ఎంత విలువైన రాయి ఉన్నా ఆ లెక్కలోకి రాదు. పండక పోవడం ఒక దెబ్బ, పండలేదు కాబట్టి తక్కువిస్తామనడం రెండో దెబ్బ.

నానమ్మ భయపడిన లంకెబిందెల సంగతి కూడా చూశాను. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల పైన విలువ చేసే నిధి నేలలో దొరికితే కలెక్టరుకి చెప్పాలి. సొంతదారు ఎవరో తేలకపోతే, దొరికినవాళ్లూ నేల యజమానీ వేరువేరైనప్పుడు, వాళ్ల మధ్య ఒప్పందం లేకపోతే, దొరికినవాళ్లకి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. సర్కారు తీసుకోవాలనుకుంటే విలువ కట్టి ఇవ్వాలి. ఎవరో దాచిన బిందెలో నేల యజమానికి నాలుగో వంతు ఇచ్చిన చట్టాలు, ఆ నేలలో పుట్టిన రాయిలో ఒక్క పైసా వాటా రాయలేదు.

మా తమ్ముడు అమెరికాలో, టెక్సస్‌లో డల్లాస్ పక్కన ఉంటాడు. ఈ గొడవ విని ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడ నేల కింద ఆయిలు, గ్యాసు భూమి యజమానిదే" అన్నాడు. అక్కడి పద్ధతి అది. కంపెనీ వాళ్లు యజమానితో లీజు రాసుకుని, తీసిన దాంట్లో వాటా ఇస్తారు. పూర్వం నుంచి ఎనిమిదో వంతు అనేది ఆనవాయితీ, తర్వాత ఇంకా ఎక్కువకి కూడా రాసుకుంటున్నారు. మరి నీ ఇంటి కింద ఉన్నది నీదేనా అని అడిగాను. వాడు కాగితాలు తీసి చూసి గంట తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. కాదట. స్థలం అమ్మిన వాళ్లు ఖనిజ హక్కు తమ దగ్గరే ఉంచుకుని పైభాగం మాత్రమే అమ్మారట. అక్కడ పై హక్కు, కింది హక్కు విడదీసి వేరువేరుగా అమ్ముకోవచ్చు. విడిపోయాక కింది హక్కుదే పైచేయి. బోరు దింపడానికి అవసరమైనంత పైనేల వాడుకోనివ్వాల్సిందే. "సంతకం పెట్టేటప్పుడు చూడలేదక్కా" అన్నాడు. వాడికి కూడా ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

మన దగ్గర ఆయిలు, గ్యాసు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోవైతే రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానివి. కోనసీమలో కొబ్బరితోట కింద గ్యాసు పడితే రైతుకి వచ్చేది నేలకీ చెట్లకీ కట్టే డబ్బే. పైపులైను వేస్తే, 1962 చట్టం ప్రకారం వాడుక హక్కు కింద నేల విలువలో పది శాతం, జరిగిన నష్టం దానికి అదనం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. నేను అప్పుడు పదో తరగతి. పేపర్లో ఆ ఫొటోలు అట్టలకి అతికించుకున్నాం. ఆ మంట కింద గ్యాసు ఆ ఊళ్ల వాళ్లది కాదు, మాడిపోయిన తోటలు మాత్రం వాళ్లవి.

కొండల్లో వేరే కథ. అనంతగిరి మండలం, బొర్రా వైపు గిరిజన గ్రామాల్లో ప్రైవేటు వాళ్లకి ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదు. గని లాభాల్లో కనీసం 20 శాతం అక్కడి మనుషుల కోసం పక్కన పెట్టాలని కూడా అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. వాటా అడగడం అత్యాశ కాదని, అడిగినవాళ్లకి కోర్టు ఒక అంకె వేసి చెప్పిందని.

2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. పాత లీజులవాళ్లు రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము, వేలంలో వచ్చిన కొత్త లీజులవాళ్లు 10 శాతం అందులో జమచేయాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకి ఆ డబ్బు. రోడ్డు పడుతుంది, స్కూలుకి గది వస్తుంది. వద్దనను, మా స్కూలు లాంటి చోట్ల ఒక గది విలువ నాకు తెలుసు. కానీ పొలం పోయింది ఊరిది కాదు, ఒక మనిషిది. 2024 జులై 25న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, ఎనిమిది మంది ఒక వైపు ఒకరు ఒక వైపు, రాయల్టీ పన్ను కాదని తేల్చింది. అది ఖనిజం తీసుకున్నందుకు దాని యజమానికి ఒప్పందం ప్రకారం కట్టే సొమ్ము. పన్ను కాదు, యజమాని వాటా అన్నప్పుడు నాకు తోచేది ఒక్కటే. యజమానులు ఇద్దరున్నారు. కింద రాయికి సర్కారు, పైన మట్టికి మా నాన్న. పై మట్టిని తొలగించకుండా కింద రాయి రాదు. టన్నుకి ఒక రూపాయో రెండో పట్టాదారు పేరు మీద నేరుగా రాయాలి. 1802లో ఒకలా రాశారు, 1948లో ఒకలా, 1957లో ఒకలా. మళ్లీ రాయలేనిదేమీ కాదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది మా చిన్నాన్న పొలం. తొమ్మిదేళ్ల కింద ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. తవ్వాక గొయ్యి పూడ్చి ఇస్తామన్నది నోటి మాటే. రెండేళ్లు తవ్వారు, రాయి అయిపోయింది, మనుషులు మారారు, ఫోన్ నంబర్లు మారాయి. గొయ్యి మాత్రం అలాగే ఉంది, రెండు తాటిచెట్ల లోతు, అడుగున పచ్చటి నీళ్లు. తవ్వినన్నాళ్లు మోటార్లు పెట్టి ఆ నీళ్లు తోడేశారు, ఆ రెండేళ్లూ మా నుయ్యి ఎండిపోయింది. చిన్నాన్న పెయ్య అందులో పడి చచ్చిపోయింది. పక్కన పోసిన మట్టి దిబ్బ మీద తుమ్మ తప్ప ఏమీ మొలవదు, ఎందుకంటే పై మట్టీ అడుగు మట్టీ కలిపి పోసేశారు. పాస్‌బుక్కులో మాత్రం అది ఇప్పటికీ ఆయన సాగుభూమి.

అందుకని నేనూ నాన్నా కూర్చుని ఆ మూడు పేజీల కాగితం ఒక్కో లైనూ చదివాం. రెండో పేజీలో, "లోపలి సమస్త ఖనిజ హక్కులతో సహా" అని ఒక ముక్క ఉంది. అది కొట్టేశాం. మాది కానిదాన్ని మేం రాసివ్వడమేంటి? రేపు ఎప్పుడైనా చట్టం మారి పట్టాదారుకి వాటా అంటే ఆ ముక్కే మాకు అడ్డం వస్తుంది. "శాశ్వతంగా" అన్న చోట ఏళ్లు వేశాం. ఏటా ఇచ్చే మొత్తం మూడేళ్ల సగటు కాకుండా ఒక అంకె వేసి, రెండేళ్లకోసారి పెరగాలని రాశాం. పై రెండడుగుల మట్టి విడిగా తీసి గట్టున పెట్టాలి. నుయ్యి ఎండితే బోరు వేసివ్వాలి. చివర గొయ్యి పూడ్చి, ఆ మట్టి మళ్లీ పైన పరిచి, గొర్రు తోలేలా చేసి ఇవ్వాలి. దానికి డబ్బు ముందుగా బ్యాంకులో ఇద్దరి పేరునా డిపాజిట్ చెయ్యాలి. కాగితం స్టాంపు మీద రాసి రిజిస్టరు చెయ్యాలి. ఇవన్నీ మావయ్య చూసి రెండు మాటలు సరిచేశారు.

ఆ కాగితం తీసుకెళ్లిన ఆయన నెల్లాళ్లు రాలేదు. నాన్న టెన్షన్ పడ్డాడు. మొదట్లో ఇస్తానన్న డబ్బు కూడా పోయిందేమోనని రాత్రిళ్లు లేచి కూర్చునేవాడు. నాకు చాలా అపరాధంగా అనిపించింది, చెల్లెలి కూతురి పెళ్లి ఉంది, డబ్బు అవసరమే. ఆషాఢం వచ్చింది, ఎప్పటిలాగే గోగు విత్తాం. మొన్న ఆదివారం ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. ఏళ్లకి ఒప్పుకున్నారు, అంకెకి ఒప్పుకున్నారు, బోరుకి కూడా. గొయ్యి పూడ్చే డబ్బు ముందుగా డిపాజిట్ చెయ్యడం మాత్రం కుదరదట, మాట ఇస్తామంటున్నారట.

స్పీకరు పెట్టి నాన్నకి వినిపించాను. నాన్న ఫోన్ దగ్గరికి వంగి, "బావూ, డబ్బులు ఇంకో రెండేలు తగ్గించుకోండి. గొయ్యి లెక్క మాత్రం ముందు బ్యాంకులో పెట్టండి" అన్నాడు. ఆయన మళ్లీ చేస్తానన్నాడు. ఇంకా చెయ్యలేదు.